రేవు మీద కొత్త దూలాలు

పెరట్లో పక్కకి ఒరిగిన గుండిగ తెల్లారినా అలాగే ఉంది. దాన్ని లేవనెత్తే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

నిన్న సాయంత్రం ముబారక్ దాంతోపాటే పడ్డాడు. భార్య సాబిరా మంచినీళ్ళకి వెళ్ళిన సందు చూసుకుని, పొరుగింటివాళ్ళ గుండిగలో ఇసకా బూడిదా పోసి, గోనెపట్టా పరిచి, గోడ పట్టుకుని అందులోకి దిగాడు. కళాయి వెయ్యాలంటే ముందు పాత్ర లోపలంతా తెల్లగా తోమాలి. అంత పెద్ద పాత్రని చేత్తో తోమడం ఎవరి తరమూ కాదు. రెండు కాళ్ళూ లోపల పెట్టి, నడుం తిప్పుతూ ఇటూ అటూ తిరగాలి. అతని తాత చేసిన పని, తండ్రి చేసిన పని. కానీ కుడికాలు మోకాలి దగ్గర వంగనని మొండికేసింది. గుండిగ దొర్లింది, మనిషీ దొర్లాడు.

సాబిరా కడవతో వచ్చేసరికి గోడవారన కూలబడి ఒంటికంటిన బూడిద దులుపుకుంటున్నాడు. ఆమె లేవదీసింది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. మాటలన్నీ పొద్దున్నకి దాచుకున్నారు కాబోలు.

“ఇప్పటికైనా తెలిసిందా?” అన్నాడతను, వసారాలో నులకమంచం మీద వెల్లకిలా పడుకుని.

“ఏం తెలియాలండీ?”

“ఈ కాలు ఇక కళాయికి పనికిరాదని. నాగరత్నం గారు మధ్యాహ్నం మళ్ళీ వస్తానన్నారుగా. నేను సరే అనేస్తాను.”

సాబిరా పొయ్యి ఊదడం ఆపింది. ఊదినా ఆపినా ఒకటే. రాత్రి వానకి వంటపాక కారి కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

“మీరు సరే అంటే కాదనడానికి నేనెవర్ని? కానీ దేనికి సరే అంటున్నారో ఒక్కసారి నోటితో చెప్పండి. వింటాను.”

చెప్పడానికి నోరు రావాలి కదా. ఈ నాగరత్నం అనే పెద్దమనిషి, కొల్లేటికోట వెళ్ళే రేవుని వేలంలో పాడుకున్న షావుకారు దగ్గర గుమాస్తా. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ తీర్థానికి ముందు లంక ఊళ్ళలో ఇంటింటా ఇత్తడి సామానుకి కళాయి వేయించుకుంటారు. ఏటా వెళ్ళినట్టే ముబారక్ ఈ ఏడూ కొలిమితిత్తి భుజాన వేసుకుని బయల్దేరాడు. రేవులో గట్టు నుంచి పడవ దాకా వేసిన బల్లలు పుచ్చిపోయి ఉన్నాయి. ఆ సంగతి షావుకారుకి తెలుసు, పడవవాళ్ళకి తెలుసు, కొల్లేటి కొంగలకి కూడా తెలుసు. జనం వెనకనుంచి తోసుకొస్తుంటే ముబారక్ కాలికింద బల్ల విరిగింది. కాలు సందులోకి దిగబడింది. ఊగుతున్న పడవ వచ్చి ఆ కాలిని గుంజకేసి నొక్కేసింది.

ప్లీడరు చలపతిరావు గారు షావుకారు మీద నష్టపరిహారానికి దావా వేశారు. సోమవారం మునసబు కోర్టులో విచారణ. దావా మానుకుంటే ముబారక్‌కి ఆ రేవులోనే ఒక చోటిస్తామని కబురు. పడవెక్కేవాళ్ళ దగ్గర కేవు డబ్బులు పుచ్చుకుంటూ కూచునే పని. కాలితో నిమిత్తం లేదు. అందుకు ముబారక్ ఒక్క వేలిముద్ర వేస్తే చాలునట. బల్లలు గట్టివేననీ, తానే చూసుకోక జారాననీ.

“కూచుని చేసుకునే పని సాబిరా,” అన్నాడు కాసేపటికి. “అలాంటిది నాకు ఇంకెవరిస్తారు?”

“ఏరు దాటేదాకా ఓడమల్లన్న, ఏరు దాటాక బోడిమల్లన్న. దావా పోయాక మిమ్మల్ని ఆ రేవులో ఎన్నాళ్ళు కూచోనిస్తారండీ? పొమ్మన్న రోజున ఎవరితో చెప్పుకుంటాం? మా తప్పేనని రాసిచ్చుకున్నాక?”

“ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట. నాకు ఏడ్చే ఓపిక కూడా లేదు.” ముబారక్ అటువైపు ఒత్తిగిలాడు. “నిన్న ఆ గుండిగలోంచి పడ్డప్పుడు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య, ఇక ప్రయత్నం చెయ్యక్కర్లేదు అనిపించింది.”

సాబిరాకూ లోలోపల అలాగే ఉంది మరి. ఆస్పత్రి, ప్లీడరు ఇల్లు, వాయిదా, మళ్ళీ ఆస్పత్రి. తిరిగి తిరిగి ఆమె కాళ్ళు కూడా అరిగాయి. కాకపోతే ఆ కాళ్ళకి దావా వేసేవాళ్ళు లేరు.

అత్తగారు రబియా తలుపు పక్కన కూచుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది. కొడుకూ కోడలూ ఎంత వాదించుకున్నా తల ఎత్తలేదు. ఇంట్లో ఉప్పు గురించి, పప్పు గురించి గంటసేపు మాట్లాడగల మనిషి. దావా ఊసొస్తే మాత్రం నోరు కుట్టేసుకుంటుంది. మొదట్నించీ అంతే. ముసలావిడకి కోర్టంటే భయం కాబోలు అనుకుని సాబిరా ఎప్పుడూ అడగలేదు.

ఎండ వసారా అంచుకి వచ్చే వేళకి వీధిలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

“ముబారకూ, లేచావా?”

పెంటపాడు రైతు సత్తిరాజు గారు. తీర్థానికి మొక్కు తీర్చుకోవడానికొచ్చి, ఆ రోజు ముబారక్‌ని ఆ బల్లల సందులోంచి లాగి, తన బండిలోనే ఏలూరు ఆస్పత్రికి చేర్చిన మనిషి. చేర్చి ఊరుకోలేదు. ప్లీడరు దగ్గరకి దారి చూపించిందీ ఆయనే. ముబారక్ మంచం మీద లేచి కూచోబోయాడు.

“పడుకోవయ్యా, పడుకో. గూడెంలో పొద్దుటి రైలెక్కి నేరుగా వస్తున్నాను. మొన్న రేవుకెళ్ళి చూసొచ్చాను. ప్లీడరు గారే వెళ్ళి చూడమన్నారు.”

“మీకెందుకండీ ఈ శ్రమంతా?” ముబారక్ గొంతులో మర్యాద ఉంది, విసుగూ ఉంది. “మీ పొలం పనులు మానుకుని.”

“నాట్లు మా తమ్ముడు చూసుకుంటాళ్ళే. ఆ బల్ల మీద నీకు ముందు నడిచింది నేనేగా. నా కాలికింద పెళపెళమంది. నీ కాలికింద విరిగింది. ఆ చప్పుడు విన్నవాణ్ణి ఇంట్లో ఎలా కూచోమంటావు?”

సాబిరా తలుపు చాటుకొచ్చి నిలబడింది.

“ఏం చూశారండీ అక్కడ?”

“ఏం చెప్పమంటావమ్మా? పుచ్చుబల్ల ఒక్కటీ లేదు. అన్నీ కొత్తవే. తాటి దూలాలు, ఇంత లావున, వరసగా పరిచి మేకులు దిగ్గొట్టారు. ఏనుగు నడిచినా కదలవు. అవి తీర్థానికి ముందే వేయించామని షావుకారు గారు జవాబు దాఖలు చేశారట. పడవవాళ్ళు ముగ్గురూ అదే పాట పాడుతున్నారు. కాదనేవాణ్ణి నేనొక్కణ్ణి.”

“మరి ఎలాగండీ?”

“ఒకటే దారి ఉందన్నారు ప్లీడరు గారు. ఆ దూలాలు ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో చెప్పే మనిషి ఒకరు దొరకాలి. దొరికితే అటువైపు కట్టిన కథంతా కూలిపోతుంది. షావుకారు వేయించినవైతే కావమ్మా. నేను ఒట్టేసి చెబుతాను.”

“చూడకుండా ఒట్టెలా వేస్తారండీ?” అన్నాడు ముబారక్.

“చూశాను కాబట్టే. గట్టు మీద తాటాకు కూడా కప్పించని మనిషి, రేవు దూలాలకి తారు పూయిస్తాడా? ఇంటికి వేసుకునేవాళ్ళు పూస్తారు, చెదలు పట్టకుండా. వీటికి రెండు కొసలా మూరెడేసి తారు ఉంది. తాడు బిగించుకోడానికి పక్కన గాడి కూడా తొలిచి ఉంది. అచ్చం వంటపాకకి చేయించుకున్న దూలాలేనయ్యా అవి.”

సాబిరా చెయ్యి తలుపు రెక్క మీద బిగుసుకుంది.

ఆ తారు ఆమే పూసింది. కిందటి చలికాలంలో ఇదే పెరట్లో, పాత మూకుట్లో తారు కాచి, చీపురు పుల్లల కుచ్చుతో రెండు కొసలా పూసింది. వేలు కాలితే అత్తగారే తేనె రాసింది. వానాకాలం లోపల వంటపాక విప్పి కట్టిద్దామని కొన్న దూలాలు గోడవారన పేర్చి ఉండేవి. భర్తతో ఆస్పత్రిలో ఉండి తిరిగొచ్చేసరికి గోడవారన ఏమీ లేదు. అడిగితే “పోయాయమ్మా” అని మాత్రం అంది రబియా. మందులకి అమ్మేసి ఉంటుందనుకుని సాబిరా రెట్టించలేదు. అడిగి ఆవిడ మనసు కష్టపెట్టడమెందుకని.

“మధ్యాహ్నం ప్లీడరు గారింట్లో ఉంటాను,” అని సత్తిరాజు గారు లేచారు. “ఏదైనా తెలిస్తే రండమ్మా. తెలియకపోతే, అదీ వచ్చి చెప్పండి. ఆయన కూడా ఏదో ఒకటి తేల్చుకోవాలి కదా.”

ఆయన వెళ్ళాక సాబిరా తలుపు దగ్గర చూసింది. రబియా అక్కడ లేదు.

పెరట్లో నూతి పళ్ళెం మీద కూచుని ఉంది ముసలావిడ. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

సాబిరా వెళ్ళి ఎదురుగా కూచుంది.

“అత్తమ్మా.”

“ఊఁ.”

“మన దూలాలు ఎక్కడున్నాయి?”

రబియా గిన్నె బోర్లించింది. “పోయాయని చెప్పానుగా.”

“పోయినవి ఎక్కడున్నాయో సత్తిరాజు గారు చూసొచ్చారు. మీరూ విన్నారు.”

“వింటే విన్నానులే. నువ్వు విననట్టు ఉండు.”

“ఎందుకండీ? ఎందుకు చేశారు? ఆయన కాలు విరగ్గొట్టిన రేవుకి మన ఇంటి దూలాలు తీసుకెళ్ళి వేయించారా? ఆ షావుకారు మనకి ఏం చుట్టమండీ?”

“నెమ్మదిగా. వాడు వింటాడు.” రబియా వసారా వైపు చూసింది. గొంతు బాగా తగ్గించింది. “జ్వరం తలకెక్కిన రోజు గుర్తుందా నీకు? కాలు తీసెయ్యకపోతే మనిషి దక్కడని డాక్టరు గారు అన్న రోజు. నువ్వు అక్కడ మంచం కోడు పట్టుకుని ఏడుస్తున్నావు. నేను ఇంటికొచ్చి నమాజు చేసుకుని కూచున్నాను. నా దగ్గరేముందే ఇవ్వడానికి? దారిలో అపాయం తీసేస్తే అదీ సదకాయే, దానం చేసినట్టేనని మా నాన్న చెప్పేవాడు. ముల్లు తీసినా పుణ్యమే, రాయి తీసినా పుణ్యమే. మరి నా బిడ్డ కాలు పట్టిన బల్ల ఇంకా ఆ దారిలోనే ఉందిగా. ఇంకో తల్లి బిడ్డ దాని మీద నడుస్తాడుగా. రేవు పక్క వడ్రంగి వీణ్ణి చూడ్డానికొస్తే, అతని బండి మీదే దూలాలు ఎక్కించాను. పరిచేసి రమ్మన్నాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను.”

“ఒట్టెందుకు?”

“కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదమ్మా. తెలిస్తే అది ఇచ్చినట్టే కాదు. నేనూ మొక్కుకున్నాను. వాడి కాలు వాడికి ఉంచితే బతికున్నంతకాలం ఈ మాట నోటంట రానివ్వనని. పొద్దున్నకి జ్వరం దిగింది. కాలు తియ్యక్కర్లేదన్నారు డాక్టరు గారు. ఇప్పుడు నోరు విప్పమంటావా?”

సాబిరాకి కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. పుణ్యానికి పోతే పాపమెదురైందంటే ఇదేనేమో. ఈ ముసలావిడ తడిసే వంటింట్లో తాను కూచుని, ఊరివాళ్ళ కాళ్ళ కింద గట్టి దూలాలు పరిపించింది. ఆ దూలాల మీద నిలబడి షావుకారు తన నిర్దోషిత్వం చాటుకుంటున్నాడు.

“కాలు ఉంది అత్తమ్మా,” అంది చివరికి. “ఉండి ఏం చేస్తోందో నిన్న చూశారుగా.”

“ఉంది. అది చాలు నాకు.”

“మీకు చాలు. ఆయనకి చాలదు. ఆ కాలికి జరిగిన అన్యాయానికి షావుకారు జవాబు చెప్పకపోతే ఆయన జన్మంతా ఆ రేవులో కూచుని, నేనే జారాను బాబూ అని వచ్చేపోయేవాళ్ళకి చెప్పుకోవాలి. మీకది బాగుంటుందా?”

రబియా బోర్లించిన గిన్నెని మళ్ళీ అందుకుంది.

“మీరు చెప్పొద్దు. నేను చెబుతాను. నేనేం మొక్కుకోలేదుగా.”

“చెబితే నాతో మాట్లాడకు. వాడి కాలికి ఏమైనా అయితే ఆ పాపం నీదే.”

ఆ మాట అనేసి రబియా తానే బెదిరినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాపరానికొచ్చిన నాటి నుంచీ కోడల్ని ఇంత మాట అనలేదావిడ. సాబిరా లేచి నిలబడింది. అడకత్తెరలో పోకచెక్క నలిగినా, అది అరవాలనేం ఉండదు.

“సరే, నేనూ చెప్పను,” అంది. “నాకు ఓపిక లేదు అత్తమ్మా. ఎవరూ దొరకలేదని ప్లీడరు గారితో ఒక్క ముక్క చెప్పి వచ్చేస్తాను. తర్వాత ఆయన ఇష్టం, మీ ఇష్టం.”

మధ్యాహ్నం నమాజయ్యాక ఆమె బురఖా తొడుక్కుని బయల్దేరింది. తమ్మిలేటి గట్టు మీద బురద జారుతోంది. ఏట్లో కొత్తనీరు ఎర్రగా పోతోంది. కొంతదూరం నడిచాక వెనక ఎవరో ఆయాసపడుతున్నట్టు అనిపించి తిరిగి చూసింది. రబియా వస్తోంది. బజారుకైనా వెళ్ళి ఎరగని మనిషి, పాత బురఖా మట్టిలో ఈడ్చుకుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని.

“మీరెందుకొచ్చారు?”

“నడువు,” అంది రబియా.

బురద ఎక్కువగా ఉన్నచోట ముసలావిడ కోడలి మోచెయ్యి పట్టుకుంది, దాటగానే వదిలేసింది.

ప్లీడరు గారి అరుగు మీద సత్తిరాజు గారు అప్పటికే కూచుని ఉన్నారు. చలపతిరావు గారు పడక్కుర్చీలోంచి లేచి ఆడవాళ్ళకి చాప వేయించారు. సౌమ్యుడే కానీ ఆశ పెట్టే మనిషి కాదు.

“చెప్పండమ్మా. ఏమైనా తెలిసిందా?”

“లేదండీ,” అంది సాబిరా. నేల చూస్తూ అంది. “ఎవరూ దొరకలేదండీ.”

చలపతిరావు గారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. “అయితే మొహమాటం లేకుండా చెబుతున్నాను. సోమవారం మనం ఓడిపోవచ్చు. ఒక సాక్షి, అవతల ముగ్గురు. ఎదురుగా కొత్త దూలాలు. మునసబు గారు మాత్రం ఏం చేస్తారు? షావుకారు ఇస్తానన్న పని పుచ్చుకోవడమే నయమేమో. మీ ఇంటాయన మాటా అదేనట కదా.”

“అవునండీ.”

“సరే మరి.”

సత్తిరాజు గారు తల పట్టుకున్నారు. సాబిరా లేవడానికి చెయ్యి నేలకి ఆనించింది.

“దొరికిందండీ మనిషి,” అన్న గొంతు వెనకనుంచి వినిపించింది.

అందరూ తిరిగారు. రబియా ఇంకా మెట్ల దగ్గరే నిలబడి ఉంది. చాప మీదకి రాలేదు.

“ఆ దూలాలు నావండీ బాబూ. మా వంటపాకకని కొన్నవి. మావాడు ఆస్పత్రిలో ఉండగా నేనే వేయించాను. వేసిన వడ్రంగి ఆ రేవు పక్క ఊళ్ళోనే ఉన్నాడు.”

చలపతిరావు గారు ముందుకు వంగారు.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెబితే పుణ్యం పోతుందనుకున్నానండీ. మొక్కుకున్నాను.” రబియా ఒక మెట్టు ఎక్కింది. “దారిలో అపాయం తీసేద్దామనే వేయించాను. కానీ వాటిని చూపించి ఆ షావుకారు అబద్ధమాడుతున్నాడు. నా దూలాలే ఆ అబద్ధాన్ని మోస్తున్నాయి. దారి మీంచి ఒక అపాయం తీసి ఇంకోటి పెట్టినదాన్నయ్యాను. పుణ్యం పోతే పోనివ్వండి. నా కోడలు నడిచి వస్తుంటే వెనకనుంచి చూశాను. ముసలిదాన్లా నడుస్తోందండీ. అది నాకంటే చిన్నది.”

సాబిరా బురఖా లోపల ఏడ్చింది. చాలా నెలలకి ఏడ్చింది. ఆస్పత్రి తర్వాత ఇన్నాళ్ళ తిరుగుళ్ళలో రాని ఏడుపు, అత్తగారు తన నడక చూసిందని తెలియగానే వచ్చింది.

“మీరు కోర్టుకొచ్చి, ఖురాను మీద ప్రమాణం చేసి ఈ మాటే చెప్పాల్సుంటుంది,” అన్నారు ప్లీడరు గారు. “అవతలి ప్లీడరు అడ్డదిడ్డంగా అడుగుతాడు. పదిమంది చూస్తుంటారు. నిలబడగలరా అమ్మా?”

“నిలబడతానండీ.”

“అయితే ఈ దావా మనదే.” ఆయన మొహంలో మొదటిసారి వెలుగు కనిపించింది. “సత్తిరాజు గారూ, మీరు ఇప్పుడే బయల్దేరండి. ఆ వడ్రంగిని వెంటబెట్టుకుని రావాలి. ఈవిడ ఒట్టు విడిచిపెట్టారని చెప్పండి.”

తిరుగుదారిలో వాన తుంపర మొదలైంది. రబియా ఈసారి కోడలి మోచెయ్యి పట్టుకుని వదల్లేదు.

“వాడికి నేనే చెబుతాను,” అంది. “నువ్వు చెప్పకు. కోప్పడతాడేమో.”

“కోప్పడరు అత్తమ్మా. కోప్పడే ఓపిక కూడా లేదు ఆయనకి.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వాల్సిన మాట కాదు. అయినా నవ్వుకుంటూనే వాకిట్లోకి అడుగుపెట్టారు.

ముబారక్ మంచం మీద లేచి కూచుని ఉన్నాడు. తల దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. అతన్ని అలా చూసి చాలాకాలమైంది.

“ఎక్కడికెళ్ళారిద్దరూ ఈ వానలో?” అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. “పోనీలే, అదీ మంచిదే అయింది. నాగరత్నం గారొచ్చి వెళ్ళారు.”

సాబిరాకి అడగవలసిన పని లేకపోయింది. పని లేక అతని చేతులకున్న మసి ఎప్పుడో వదిలిపోయింది. ఎడమచేతి బొటనవేలు ఒక్కటే నల్లగా ఉంది.

“ఏం రాశారండీ అందులో?” అంది, అయినా.

“చదివి వినిపించారు. బల్లలు తీర్థానికి ముందే షావుకారు గారు కొత్తవి వేయించారనీ, నేను చూసుకోక జారాననీ. సోమవారం కోర్టులో దాఖలు చేస్తారట. మంగళవారం నుంచి నేను రేవులో కూచోవచ్చు. ఎండకీ వానకీ గొడుగు కూడా ఇస్తామన్నారు.”

“నేనొచ్చేదాకా ఆగలేకపోయారా?”

“ఆగితే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే నేను మళ్ళీ ఆలోచించాలి.” అతను తల్లి వైపు తిరిగాడు. “అది కాదమ్మా. దావా నడిస్తే ఇంట్లో ఆడవాళ్ళని కూడా సాక్ష్యానికి పిలుస్తారన్నారు నాగరత్నం గారు. నిన్ను ఈ వయసులో బోనెక్కించి, పదిమందిలో నిలబెట్టి ప్రశ్నలేస్తారట. నా కాలు పోతే పోయింది. అది మాత్రం నేను చూడలేను. అందుకే వేసేశాను.”

రబియా తడిసిన బురఖాతోనే వెళ్ళి మంచం పక్కన కూచుంది. కొడుకు చెయ్యి ఒళ్ళోకి తీసుకుని బొటనవేలిని కొంగుతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. సిరా పోలేదు.

“ఆ దూలాలు షావుకారు వేయించాడని నువ్వు ముద్ర వేశావా నాయనా?”

“వేశానమ్మా. ఎవరు వేయిస్తే మనకేం?”

సాబిరా నోరు తెరవబోయింది. రబియా చెయ్యెత్తి ఆపింది. సత్తిరాజు గారు ఈపాటికి ఊరు దాటి ఉంటారు. సోమవారానికి వడ్రంగి వస్తాడు. తల్లి ప్రమాణం చేసి చెప్పే మాట నిజమైతే, కొడుకు ముద్ర వేసింది అబద్ధమవుతుంది.

“మాట్లాడవేం అమ్మా? కోపమొచ్చిందా?”

“లేదు నాయనా. నా కోసమేగా చేశావు.” రబియా అతని చెయ్యి వదల్లేదు. “సోమవారం నేనూ వస్తాను.”

“రేవులో పని మంగళవారం నుంచమ్మా. అయినా అంత దూరం నువ్వెందుకు?”

“రేవుకి కాదు నాయనా,” అంది రబియా. “కోర్టుకి.”